రాజక్క గడపకొచ్చిన సర్కారు

రాజురా దిక్కు మా ఊళ్లో, గడపకెవరొచ్చినా మా మేనత్త రాజక్క ముందు కాళ్లకు నీళ్లిస్తది. తర్వాత ఏ ఊరు, ఎవరింటోనివి, ఎన్నొద్దులుంటవని అడుగుతది.

భాషల లెక్కన రాష్ట్రాలు పంచినప్పుడు మా తాలూకాను ఆదిలాబాదు జిల్లా నుంచి తీసి బొంబాయి రాష్ట్రంల కలిపిండ్రు. సరిహద్దు గీత జరిపింది సర్కారోళ్లు, జవాబు చెప్పాల్సింది మేము. పరాయోళ్లెవరో తేల్చెటందుకు చాందా కచేరి నుంచి ఒక మరాఠీ సారొచ్చిండు. అత్త తెలుగు ఇనంగనే మొహం మాడ్చుకున్నడు.

"మీరు మా రాష్ట్రంలకు ఎప్పుడొచ్చిండ్రు?"

అత్త నీళ్ల చెంబు అందిచ్చింది.

"నేనేడికెల్లి రాలె బిడ్డా. ఈ ఊళ్లనే పుట్టిన, ఈ ఊళ్లనే ఇచ్చిండ్రు. నైజాం సర్కారొచ్చి పోయింది, హైదరాబాదు సర్కారొచ్చి పోయింది. మరి మీదెన్నొద్దులుంటది? గా లెక్కన ఎసట్ల బియ్యం పోస్త."