అక్క పంచిన పూలగడ్డ

మొన్న ఎండలు ముదిరే రోజుల్లో ఖమ్మంలోని మా ఫ్లాట్‌లో ఎలుక చచ్చిన వాసన మొదలైంది. మా ఆయన ఫ్రిజ్ జరిపాడు, నేను అటక మీది డబ్బాలన్నీ దించాను, వాసన మాత్రం మమ్మల్ని వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి తిప్పుతూనే ఉంది. చివరికి వంటగట్టు కింద, బియ్యం డబ్బా వెనక, ఎప్పుడో పులుసు కోసం కొని మరిచిపోయిన కందగడ్డ దొరికింది. మట్టి లేదు, నీళ్లు లేవు, పూయమని బతిమాలినవాళ్లు అసలే లేరు. అయినా ఆ చీకట్లో తనంతట తాను పూసి కూర్చుంది. వంకాయ రంగు, కుచ్చుల అంచు, పళ్లెమంత పువ్వు. కంద కూడా పూస్తుందా అని మా ఆయన ముక్కు మూసుకునే ఆశ్చర్యపోయాడు. నాకు ఆశ్చర్యం వేయలేదు. ఈ పువ్వుతో నాకు తొమ్మిదేళ్ల వయసులోనే పరిచయం. పరిచయం చేసింది మా సరోజక్క.

మా ఊరు దమ్మపేట దాటాక అడవి అంచున ఉండేది. దసరా వెళ్లి, బతుకమ్మకు కోయగా మిగిలిన గునుగు పూలు పొలం గట్ల మీదే ఎండిపోయి, పొద్దున్నే పత్తి చేల మీద మంచు పలచగా పరుచుకునే రోజుల్లో, సత్తుపల్లి నర్సరీలో పనిచేసే మా బాబాయి మోపెడ్ మీద వచ్చేవాడు. ఆ ఏడు సంచి నిండా గడ్డలు తెచ్చాడు. లిల్లీవి ఉల్లిపాయల్లా, డేలియావి చిలగడదుంపల్లా, మెట్టతామరవి అల్లం కొమ్ముల్లా ఉన్నాయి. వాకిలి చెరి సగం చేసుకుని నాటుకోండి, శ్రీరామనవమికి ఎవరి సగం బాగా పూస్తే వాళ్లను భద్రాచలం కళ్యాణానికి తీసుకుపోతా అన్నాడు. ఒక్కరినే. బండికి వెనక ఒకటే సీటు, ముందు ఎప్పుడూ నర్సరీ సంచి. నేనప్పటికి గోదావరిని చూడలేదు. అక్క చూసింది. ఎట్లుంటదక్కా అని ఎన్నిసార్లు అడిగినా, చెప్తే నీకు సమజ్ కాదులే అనేది.

అక్క నాకన్నా మూడేళ్లు పెద్ద. నా జడ ఆమే వేసేది, నా కాల్లో ముల్లు ఆమే తీసేది, నా లెక్కలు కూడా ఆమే చేసేది. అందుకే నాకు ఇప్పటికీ లెక్కలు రావు. గడ్డల పంపకం కూడా ఆమే చేసింది. సంచిలోవన్నీ వాకిట్లో కుప్ప పోసి, ఇంట్లోకి వెళ్లి, బూడిద అంటిన గడ్డొకటి రెండు చేతులతో మోసుకొచ్చింది. చిన్న కుండంత ఉంది.

“గివన్నీ చిన్నయి, చిన్న పూలే పూస్తయి. నువ్వు చిన్నదానివి గదనే, పెద్దది నీకే. వంకాయ రంగుల పళ్లెమంత పువ్వు పూస్తది. ఊరంత తెలుస్తది, చూడు.”

ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని నేను జల్దీ జల్దీ గుంత తవ్వాను. కందను అప్పటిదాకా పులుసులో ముక్కలుగా తప్ప చూసి ఎరగను. దురద అని నాయనమ్మ పిల్లల్ని దాని దగ్గరికి రానిచ్చేది కాదు. నాటాక చేతులు దురద పెడితే, మంచి జాతి పూలగడ్డలు గట్లనే పెడతాయని చెప్పి అక్కే చింతపండు పులిమింది. ఆ వారమే నాయనమ్మ విత్తనానికి బూడిదలో దాచుకున్న కంద కనబడక ఇల్లంతా వెతికింది. పందికొక్కు ఎత్తుకుపోయి ఉంటుందంది అక్క. ఆ పందికొక్కును తిట్టడంలో నాయనమ్మకు నేను చేతనైనంత సాయం చేశాను.

చలి వచ్చింది, పోయింది. అక్క సగంలో డేలియాలు ఎర్రగా, పసుపుగా విచ్చాయి, మెట్టతామరలు మంటల్లా లేచాయి, లిల్లీ కాడలు సాయంత్రాలకు ఇల్లంతా పరిమళం పంచాయి. నా సగంలో మట్టి, మట్టి మీద నేను. అడవిలో ఇప్పపూలు రాలి ఊరంతా తియ్యటి కల్లు వాసన కమ్ముకునే వేళకు, ఒక ఊదా మొగ్గ నేలను చీల్చుకుని పైకొచ్చింది. బడిలో చెప్పాను, బావి దగ్గర చెప్పాను, పానకానికి మిరియాలు దంచుతున్న నాయనమ్మకు కూడా చెప్పాను. భద్రాచలానికి గౌను ఉతికి ఆరేసుకున్నాను.

నవమి నాడు తెల్లవారగానే బాబాయి వచ్చాడు. వచ్చీరాగానే, ఇంటి ముందు కుక్క ఏమన్నా సచ్చిందా అని అడిగాడు. అందరం వెతికాం, అందరికన్నా ఉత్సాహంగా నేను వెతికాను. రాత్రికి రాత్రి విచ్చిన నా పువ్వు దాకా ఈగలే దారి చూపించాయి. వసంతం వస్తుందనుకున్న నా సగం వాకిట్లోకి వాసన వచ్చింది. నాయనమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వంగి చూసింది.

“గిది నా కందనే గదనే. పందికొక్కు తిన్నదంటిరి?”

నేను అక్క వైపు చూశాను. అప్పటికే ఆమె జడ నిండా లిల్లీలు పెట్టుకుని బండెక్కి కూర్చుంది.

“నేను చెప్పినట్టే పూసింది గదా,” అంది నెమ్మదిగా. బండి కదిలింది.

ఆ రోజంతా ఆమె మాటల్లో ఒక్క అబద్ధమన్నా పట్టుకుందామని వెతికాను. రంగు నిజం, పళ్లెమంత అన్నది నిజం, ఊరంత తెలియడం మరీ నిజం. నా ముఖం కందిపోయింది గానీ కంద మాత్రం నిక్షేపంగా ఉంది. ముల్లు తీసిన చేయే గుచ్చిందని ఎవరితో చెప్పుకోను? ఏం జరిగినా నేను చెప్పుకునేది ఆమెకే కదా.

గోదావరిని తర్వాత చాలాసార్లు చూశాను, బస్సు కిటికీలోంచి. బాబాయి లేడు, నాయనమ్మ లేదు, ఆ వాకిలి మీద ఇప్పుడు ఆయిల్‌పామ్ వరుసలు. మొన్న వంటింట్లో పువ్వు దొరికిన రోజే సత్తుపల్లిలో ఉంటున్న అక్కకు ఫోన్ చేసి, నవ్వుతూనే, ఆ కంద సంగతి గుర్తుందా అని అడిగాను.

“ఏం కందనే? నవమికి మనిద్దరం పోయినం గదా. నువ్వు బండి మీద ముందల నిలబడ్డవ్. గోదారిని చూసి ఎగిరినవ్ గూడ.”

ఆ గొంతులో ఎక్కడా తొట్రుపాటు లేదు. కాసేపు నన్ను నేనే అనుమానించాను. కాదని చెప్పడానికి ఆనాటి మనుషులెవరూ మిగల్లేదు.

మా ఆయన కవరు పట్టుకొచ్చి, పారేసి రానా అన్నాడు. పువ్వు వాడిపోయేదాకా ఉండనీయమన్నాను.