చూపుడు పొయ్యి

రేపల్లె అవతల కరెంటు రాని చేలో తొంభై రెండులో ఇల్లు కట్టుకున్న సైన్సు మాస్టారు జకరయ్య, రోజూ పొద్దున్నే డాబా ఎక్కి సోలార్ పలకను పంచె చెంగుతో తుడిచేవాడు. గ్యాసు పొయ్యిని ఎవరూ ముట్టుకోకుండా తువ్వాలు కప్పి ఉంచేవాడు. అవి రెండూ వచ్చినవాళ్లకు చూపించడానికే. భార్య ప్రేమకుమారి పెరట్లో కట్టెల పొయ్యి మీదే వండేది.

ఒక సాయంత్రం తెనాలి నుంచి తోటి మాస్టార్లు వచ్చారు. "గ్యాసు మీద టీ పెట్టు," అని జకరయ్య భార్యతో అన్నాడు. ఆమె గ్యాసు తిప్పాక అగ్గిపెట్టె వెతుక్కుంది. పుల్ల గీయగానే మంట భగ్గుమని కుడిచెయ్యి కాలింది. "ముప్ఫయ్యేళ్లు సైన్సు చెప్పానండి, ఇంట్లోనే ఎక్కలేదు," అని జకరయ్య నవ్వాడు. వాళ్లూ నవ్వారు. వాళ్లు వెళ్లాక, "కాస్త లైటు ఉంచండి, మందు రాసుకుంటాను," అందామె. "బ్యాటరీ దిగిపోద్ది. లాంతరు వెలిగించుకో," అని లైటు ఆర్పేశాడు. ఆమె ఎడమచేత్తో లాంతరు తెచ్చుకుంది గాని, పుల్ల గీయడానికి రెండో చెయ్యి లేవలేదు.