పడవకు రసీదు

ఆయిల్ ఇంజన్లు బాగుచేసే రోజుల్లో నేను జీతగాణ్ని కాదట, స్వతంత్ర కాంట్రాక్టరునట. ఆ సంగతి ఖమ్మంలో కంపెనీ మేనేజరు చెబితేనే తెలిసింది. స్వతంత్రం అంటే ఏమిటో మెల్లమెల్లగా అర్థమైంది. పండగ బోనసు ఉండదు, జ్వరమొస్తే సెలవు ఉండదు, దారి ఖర్చులు ఎవరూ ఇవ్వరు. పన్ను మాత్రం ప్రతి బిల్లులోనూ ముందే పట్టుకుంటారు. ఎనభైల మొదట్లో ఇంత గౌరవం దక్కినవాడు మా వీధిలో ఇంకొకడు లేడు.

దారి ఖర్చులు చూపిస్తే పట్టుకున్నది చాలావరకు తిరిగొస్తుందని ఎవరో చెప్పారు. వస్తే పాత మోపెడ్ ఒకటి కొనాలని నా ఆశ. ఒక షెడ్డు ముందు అమ్మకానికి నిలబెట్టిన బండిని పోతూ వస్తూ చూసుకునేవాణ్ని. వెదురు లారీల మీద, ఎడ్లబండ్ల మీద, అవీ దొరక్కపోతే పానాల సంచి భుజాన వేసుకుని అడవిలో నడిచీ నడిచీ నా మోకాళ్లు అరిగిపోయాయి.

ఆదాయపు పన్ను ఆఫీసులో అధికారి మర్యాదస్తుడు, కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినవాడు. నా కాగితాలన్నీ ఓపిగ్గా చూశాడు. భద్రాచలం దాకా బస్సు టికెట్లు ఒప్పుకున్నాడు. అక్కడి నుంచి ఆయనకు నా ప్రయాణం మీద నమ్మకం పోయింది.

“ఈ లారీకి టికెట్టేదండీ?”

“లారీకి టికెట్ ఉండది సార్. డ్రైవర్ చేతుల పెడతం.”

“పోనీ, ఈ పడవకి?”

“దుమ్ముగూడెం కాడ గోదారి దాటాలె సార్. ఇంజన్లు ఆవలి ఊళ్లల్లనే ఉంటయి.”

“దాటారు, సరే. రసీదు?”

ఆ రేవులో రసీదు పుస్తకం అచ్చువేయించిన పడవవాడు ఇంతవరకూ పుట్టలేదని మనవి చేసుకున్నాను. ఆయన పాపం నొచ్చుకున్నాడు. సొంత బండి ఉంటే పెట్రోలు బిల్లులు పెట్టుకోవచ్చు కదండీ అని సలహా కూడా ఇచ్చాడు. బండి కొనాలంటే ఖర్చులు ఒప్పుకోవాలి, ఖర్చులు ఒప్పుకోవాలంటే బండి ఉండాలి. ఇంత చక్కటి చట్టం రాసినవాళ్లు ఏనాడూ నడిచి ఉండరు.

చివరికి దయతలచి, పడవవాణ్ని తీసుకొచ్చి చెప్పిస్తే చూస్తానన్నాడు. పడవ నిజమని తేలితే లారీ, ఎడ్లబండీ కూడా నిజమే అనుకుంటాడట.

దుమ్ముగూడెం రేవులో పడవ నడిపే ముసలాయన్ని అందరం కాకా అనేవాళ్లం. నా దగ్గర ఏనాడూ ఒక్క పైసా వదిలిన మనిషి కాదు. చిల్లర లేదంటే పానా ఒకటి తీసి దగ్గర పెట్టుకునేవాడు. అంతటివాడు సాక్ష్యానికి రమ్మనగానే ఉతికిన పంచె కట్టుకుని, తలకు రుమాలు చుట్టుకుని బస్సెక్కాడు. దారంతా నేను పాఠం చెప్పాను.

“ఎంత తీసుకుంటవో గంతే చెప్పు కాకా. ఒక్క మాట ఎక్కువొద్దు.”

“అవ్, గంత ఎరుక లేదా నాకు?” అన్నాడు.

అధికారి కాకాకు కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. అదే కొంప ముంచింది. కుర్చీలో కూర్చున్న కాకా వేరే మనిషైపోయాడు.

“ఈయన దగ్గర పడవకి ఎంత తీసుకుంటారండీ?”

కాకా నా వైపు చూశాడు. గదిలో ఉన్న గుమాస్తాల వైపు చూశాడు. మా వైపు ఒక మర్యాద ఉంది. ఊరికి పనికొచ్చేవాడి దగ్గర డబ్బు తీసుకోవచ్చు గానీ, తీసుకుంటున్నామని పరాయివాళ్ల ముందు చెప్పకూడదు. చెబితే ఊరి పరువు పోతుంది.

“ఏంది సార్ గట్లడుగుతరు? మా చేన్లకు నీళ్లు ఎక్కిచ్చేటోడు. అసొంటోని కాడ కిరాయి తీసుకుంటమా? మేం మనుషులం కాదా?”

నేను బల్ల కింద ఆయన కాలు తొక్కాను. తొక్కినకొద్దీ నా వైభోగం పెరిగింది. నన్ను ఊళ్లోవాళ్లే బండి కట్టి తీసుకుపోతారట, పూటకొక ఇంట్లో కోడికూర పెడతారట. అధికారి ముఖం వెలిగిపోయింది. పడవతో పాటు ఎడ్లబండీ, లారీ, భోజనాలూ అన్నీ ఒక్క గీతతో కొట్టేశాడు.

మోపెడ్‌ను ఇంకెవరో కొనుక్కుపోయారు. తిరుగు బస్సులో కోపంతో కాకాకు దూరంగా వేరే సీట్లో కూర్చున్నాను. ఆయన టికెట్లు కూడా నేనే కొన్నాను. వాటికి మాత్రం రసీదు ఉంది.

ఆవలి ఊళ్లో ఇంజన్ పని ఉండి ఆ సాయంత్రమే కాకా పడవలోనే రేవు దాటాను. దిగేటప్పుడు కిరాయి ఆయన ముందు విసురుగా పెట్టాను.

“తీస్కో కాకా. ఈడ సారు లేడు గద.”

కాకా దాన్ని ముట్టుకోలేదు. “సారు ముందర అననే అంటి మేస్త్రీ. ఇగ తీసుకుంటె అబద్ధమాడినోన్ని అయిత.”

అప్పటిదాకా కుతకుతలాడిన కోపం ఎటు పోయిందో తెలియలేదు. పడవ నడిపినన్నాళ్లూ ఆయన మళ్లీ నా దగ్గర పైసా తీసుకోలేదు. ఎంత బతిమాలినా, తిట్టినా తీసుకోలేదు.

మరుసటి ఏడాది కాగితంలో పడవ ఖర్చు దగ్గర సున్నా చుట్టి ఇచ్చాను. అధికారి చూసి, “ఇప్పుడు నిజం రాశారండీ” అని మెచ్చుకున్నాడు. ఆ నిజం కాకాదని చెబుదామనుకున్నాను గానీ, దానికీ రసీదు అడుగుతాడని ఊరుకున్నాను.