పళ్ళ జీవరాజ్ రైలుపెట్టె

బీదర్‌లో జీవరాజ్ ఇల్లెక్కడ అంటే ఏ జీవరాజ్ అని తిరిగి అడుగుతారు. పళ్ళ జీవరాజ్ అంటే మాత్రం ఊరి కొసన చిద్రి దాకా చెయ్యి పట్టుకుని తీసుకుపోయి గుమ్మం ముందు నిలబెడతారు. డాక్టర్లు నోట్లో అచ్చు తీసి పంపితే, దాన్ని బట్టి పళ్ళ సెట్టు తయారు చేసే పని ఆయనది.

ఆయనకు లోకంలో నచ్చినవి బహు తక్కువ. హైదరాబాదులో చేయించుకొచ్చిన తెల్లటి సెట్లు చూస్తే పెదవి ఒక పక్కకు జరిగేది. నోటికి సున్నం కొట్టించుకున్నట్టుందని మొహం మీదే అనేవాడు. తాను చేసే పళ్ళకు బీడీ తాగేవాడికైతే కాస్త పసుపు, పాన్ నమిలేవాడికైతే అంచున గోధుమ రంగు పట్టించేవాడు. ఒక పన్ను కొంచెం పక్కకు తిప్పేవాడు. కొత్తగా పళ్ళు కట్టించుకున్నవాడని ఎదుటివాళ్ళు పోల్చుకోకూడదని ఆయన పంతం. ఇంత నోరున్న మనిషే, చలికాలంలో ముసలివాళ్ళ నోట్లో సెట్టు పెట్టేముందు గోరువెచ్చని నీళ్ళలో ముంచి తుడిచి పెట్టేవాడు. చల్లటిది చిగుళ్ళకు తగిలితే జివ్వుమంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం ప్రార్థన అయ్యాక ఆ పనిముట్లే ఇంకో పనికి వచ్చేవి. సికింద్రాబాదులో బొమ్మల దుకాణం ఒకటి ఉండేది. అక్కడ అమ్ముడుపోక మూల పడి ఉన్న డబ్బాలు ఆయన కంటబడ్డాయి. పరదేశపు రైలుపెట్టెలు, గూడ్సు వ్యాగన్లు, అన్నీ విడివిడి ముక్కలుగా, చింతకాయల్లా ఒకే ప్లాస్టిక్ కాడకు వేలాడుతూ ఉండేవి. ఒక్కొక్క ముక్కనూ కత్తిరించి, కాడ ఊడిన చోట మిగిలిన ముల్లును సెట్లు నునుపు చేసే ఆకురాయితో అరగదీసి, సన్నటి పటకారులాంటి చిమ్టాతో పట్టి, జిగురు బొట్టు పెట్టి అతికించాలి. చక్రాలు సమంగా కూర్చోకపోతే పెట్టె కుంటుతుంది. డబ్బా మీది బొమ్మలో ఉన్నట్టు కట్టి ఊరుకునే మనిషి కాదు ఆయన. పరదేశపు పెట్టెల కిటికీలకు ఊచలుండవు. పళ్ళు కట్టే సన్నటి తీగతో ఆయన అడ్డంగా ఊచలు పెట్టాడు. తళతళ మెరుస్తున్న ఎరుపు గీకేసి దుమ్ము రంగు వేశాడు.

"నడీడు దాటినంక పిల్లల ఆట మొదలైంది," అని భార్య హేబ్సిబా వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఎదుటివాళ్ళు నవ్వితే మాత్రం ఆమెకు నచ్చేది కాదు. పొద్దున ఇల్లు ఊడ్చిన కసువును పారబోసే ముందు జల్లెడలో పోసి ఒకసారి ఆడించేది. వడ్లగింజంత బఫరో, చీమంత కొక్కెమో దొరికితే ఆయన తేనీటి కప్పు సాసర్‌లో పెట్టేది. తిట్టడం మాత్రం మానేది కాదు.

ఆ వానాకాలమంతా ఆయన ఒకే పెట్టె మీద కూర్చున్నాడు. బీదర్ నుంచి హైదరాబాదు పోయే ప్యాసింజరులోని జనరల్ పెట్టె. పని నేర్చుకోవడానికి తాను తొలిసారి పోయింది అందులోనే. కిటికీ ఊచలకు పాలవాళ్ళు తగిలించే క్యాన్లు పెట్టాడు. అవి అయిపోయిన పెన్ను రీఫిళ్ళ ముక్కుల నుంచి చేసినవి. కిటికీల కింద ఎర్రటి పాన్ మరకలు జారినట్టు వేశాడు, అవి కూడా గాలికి వెనక్కి వాలినట్టు. మెట్ల దగ్గర రంగు అరిగిపోయి ఇనుము బయటపడ్డట్టు చేశాడు. చూసినవాళ్ళు అబ్బా ఎంత మురికి అన్నారు. ఇంకో మాట ఎవరూ అనలేదు. వీళ్ళ కళ్ళకు పళ్ళు కట్టించాలని ఆయన లోపల్లోపల గొణుక్కున్నాడు.

మెచ్చుకున్నవాడు ఒక్క నోయల్. హేబ్సిబా తమ్ముడు.

అవి హైదరాబాదు ఉబ్బిపోతున్న రోజులు. ఔటర్ రింగ్ రోడ్డు పేరు చెప్పి రాళ్ళగుట్టలు కూడా అమ్ముడుపోతున్నాయి. ఆ ఉబ్బు మెల్లగా జహీరాబాదు దాటి బీదర్ దాకా వచ్చింది. నిన్నటిదాకా బట్టల దుకాణంలో కొలతలు కొలిచిన నోయల్ ఇవాళ నల్లద్దాల కారులో దిగుతున్నాడు. పక్కూరు కమఠాణ పోయే దారిలో ఎర్రమట్టి చేలో సున్నం కొట్టిన ప్లాటు రాళ్ళు పాతి, రంగురంగుల జెండాలు కట్టి, దానికి సిటీ అని పేరు పెట్టాడు. లోపల దారి లేదు, నీళ్ళు లేవు, నీడకు తుమ్మచెట్టు కూడా లేదు గానీ ముందర ఇంత ఎత్తు కమాను కట్టించాడు. కమాను కింద నుంచి పొద్దునా సాయంత్రం పక్క ఊరి గొర్రెలు పోయేవి. సిటీలో అప్పటికి కాపురముంటున్నవి అవే.

నోయల్‌లో మంచి లేదని కాదు. అక్కకు ఆపరేషన్ అయినప్పుడు ఆస్పత్రి వరండాలో నేల మీద పడుకున్నది అతనే. అది మరిచిపోలేకనే జీవరాజ్ అతన్ని కూర్చోబెట్టి మాట్లాడేవాడు.

నోయల్ పెట్టెను ముక్కు ఆనించి చూశాడు. మరకలు చూశాడు, క్యాన్లు చూశాడు. తన ఆఫీసులో సిటీ నమూనా ఒక బల్ల మీద పెడుతున్నామని, థర్మకోల్ ఇళ్ళు, స్పంజి చెట్లు, ఈతకొలను అన్నీ వచ్చాయని, అంచున ఒక రైలు ఉంటే ఎంతో అందమని అన్నాడు. తుడిచి తళతళలాడించి ఇమ్మంటాడేమోనని జీవరాజ్ పెదవి పక్కకు జరపబోయాడు.

"ఒక్క మరక గూడ తుడువకు బావా," అన్నాడు నోయల్. "నిజం లెక్క ఉండాలె. ఇప్పుడే వచ్చి ఆగినట్టుండాలె."

అంతే, జీవరాజ్ పడిపోయాడు. ఇన్నాళ్ళకు తన పని తెలిసినవాడు దొరికాడనుకున్నాడు. పెట్టె ఇవ్వడమే కాదు, తానే పోయి బల్ల మీద పట్టాలు పరిచాడు. రోజూ రైలు నడిచే పట్టాకు పక్కలు గోధుమ రంగుగా ఉన్నా పైభాగం వెండిలా మెరుస్తుంది. సెట్లకు మెరుగు పెట్టే పొడితో ఆ మెరుపు కూడా తెచ్చాడు. నోయల్ పక్కనొక చిన్న బోర్డు నాటాడు. కమఠాణ హాల్ట్ అని ఉంది దాని మీద. అదేమిటని జీవరాజ్ అడిగాడు. బొమ్మ రైలుకు బొమ్మ స్టేషన్ అని నోయల్ నవ్వాడు. మెప్పు తలకెక్కిన మనిషి మరో మాట అడగలేదు.

తరువాతి వారం కమఠాణ నుంచి అంబమ్మ వచ్చింది. ఎడమ పక్క సెట్టు ఒత్తుతోందని చూపించుకోవడానికి. ఆమె భర్త బాబురావు బతికినన్నాళ్ళూ రైలు పట్టాల మీద గ్యాంగు కూలీ. పట్టా వెంట నడిచి అతనికి అన్నం తీసుకుపోయిన మనిషి ఆమె. హేబ్సిబా ఆమెను కూర్చోబెట్టి, సెట్టు బయట ఉంది కదా అని రొట్టెను పాలలో నానబెట్టి మెత్తగా పిసికి ఇచ్చింది. అది తింటూ అంబమ్మ తన సంతోషం చెప్పుకుంది. కొడుకు సంగమేశ్ బావి దగ్గరి చెలక అమ్మి, నోయల్ సిటీలో స్టేషన్ పక్కన ప్లాట్లు తీసుకుంటున్నాడట. ఆఫీసు తెరిచే రోజున కాగితాలు రాసుకుంటారట. మొదట తాను వద్దందట. రెండు తరాలు తిన్న చెలక కదా.

"మరి ఎట్ల ఒప్పుకున్నవవ్వా?" అన్నాడు జీవరాజ్. ఆయన చేతిలో ఆకురాయి ఆగిపోయింది.

"మొన్న ఆఫీసుల పిలిచి సూపిస్తే నువ్వు కట్టిన రైలు సూసిన గద. పట్టా మీద మెరుపు సూసిన. నడిచే పట్టానే గట్ల మెరుస్తది, నాకెరుక లేదా? రైల్వే మ్యాపు సూసే మా బావ కట్టిండని ఆ నోయల్ పిలగాడు అందరికీ చెప్తుండు. నువ్వు పళ్ళే అబద్ధం చేయవు, రైలెట్ల చేస్తవ్?"

జీవరాజ్ ఆ రోజు సెట్టు సరిగ్గా అరగదీయలేకపోయాడు. రెండు రోజులాగి రమ్మన్నాడు. తన చేతి పని గొప్పదనుకున్నాడు ఇన్నాళ్ళూ. మరక పెడితే అబద్ధం కూడా నిజంలా నిలబడుతుందని, ఆ మరక పెట్టినవాడు తానేనని ఇప్పుడు తెలిసి, ఆయన ఎగతాళి మొదటిసారి ఆయన వైపే తిరిగింది.

నోయల్ దగ్గరికి పోయాడు. రైలు వస్తుందని ఎవరు చెప్పారని అడిగాడు. మ్యాపు సంగతి అడిగాడు. నోయల్ కోప్పడలేదు. కుర్చీ వేయించాడు, చల్లటి డ్రింకు తెప్పించాడు.

"నేను రైలొస్తదని రాసిచ్చిన్నా బావా? బొమ్మ పెట్టిన. బొమ్మ పెట్టుడు తప్పా? నమ్మేటోళ్ళు నమ్ముతరు."

పెట్టె తిరిగి ఇచ్చెయ్యమంటే, ఇచ్చిన వస్తువు తిరిగి అడుగుతారా అని నవ్వాడు. జీవరాజ్ డ్రింకు తాగకుండానే లేచి వచ్చాడు. ఆ రాత్రి భోజనానికి ముందు ప్రార్థన ఎప్పటికన్నా పొడవుగా సాగింది. హేబ్సిబా చల్లారిన అన్నం మళ్ళీ వెచ్చబెట్టింది.

ఆఫీసు తెరిచే రోజు రానే వచ్చింది. కమానుకు బంతిపూలు, లోపల ఏసీ, గుమ్మం దగ్గర టోపీలు పెట్టుకున్న కుర్రాళ్ళు. చేతికి అందినవాళ్ళందరికీ నున్నటి కాగితాలు పంచుతున్నారు. వాటిలో ఏ దేశందో ఈతకొలను, దాని పక్కన ఏ దేశందో తల్లీబిడ్డ. కమఠాణ రైతులు చెప్పులు బయట విడిచి లోపలికి వస్తున్నారు, గుడిలోకి వచ్చినట్టు. తమ వీధిలో ఆటో నడిపే పీరప్ప బండిలోంచి రంగుల డబ్బాతో దిగిన జీవరాజ్‌ను చూసి నోయల్ మొహం వెలిగింది. బావ అలక తీరిందనుకున్నాడు. ఇంకొంచెం మెరుగులు దిద్దాలని బావ అంటే, అందరి ముందరే దిద్దమని బల్ల దగ్గర స్టూలు వేయించాడు. ఆయనే ఈ రైలు కట్టిన మనిషని నలుగురికీ వినిపించేలా చెప్పాడు కూడా.

జీవరాజ్ కూర్చున్నాడు. సన్నటి కుంచె తీశాడు. ముందు పట్టాల మీది వెండి మెరుపును చంపాడు. తుప్పురంగు పొడి పూసి, వేలితో అద్ది, ఈ చివర నుంచి ఆ చివర దాకా. తరువాత చిమ్టాతో ఎండుగడ్డి పోచలు ఒక్కొక్కటే పట్టి పట్టాల కింది చెక్కల మధ్య నాటాడు, చక్రాల చుట్టూ మరీ ఒత్తుగా. చక్రం కింద అగ్గిపుల్ల ముక్క చెక్కి ఆపుగా దోపాడు. కిటికీ ఊచలకు తగిలించిన పాలక్యాన్లను ఒకటొకటిగా తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. జిగురు లాగి తలుపుకు సాలెగూడు కట్టాడు. హాల్ట్ బోర్డును కొంచెం పక్కకు వంచాడు. చుట్టూ మూగినవాళ్ళు ఏదో అందం వస్తోందని ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. టోపీ కుర్రాళ్ళు చప్పట్లు కూడా కొట్టారు.

అంబమ్మ కొడుకు భుజం పట్టుకుని వంగి చూసింది. చాలాసేపు చూసింది. తరువాత పట్టా మీద వేలు పెట్టి తీసి, వేలికంటిన ఎర్రదనం కొడుక్కు చూపించింది.

"ఇంటికి పోదాం పా సంగమేశూ. దీని మీద రైలు నడువక ఎన్నేండ్లయిందో."

సంగమేశ్ ఆమెను చూశాడు, పట్టాను చూశాడు. ఇది బొమ్మే కదమ్మా అన్నాడు. మొన్న కూడా బొమ్మే కదరా అంది ఆమె. అతను చెలక కాగితాల సంచి చంకలో పెట్టుకుని చెప్పులు వెతుక్కున్నాడు. గుమ్మం దాకా వచ్చిన ఇంకొందరు రేపొస్తామని అన్నారు. రేపంటే ఏ రేపో టోపీ కుర్రాళ్ళకు తెలిసి చప్పట్లు ఆగిపోయాయి.

నోయల్ బావ చెవి దగ్గరకు వంగాడు.

"ఏం చేసినవ్ బావా?"

"నువ్వే అంటివి గద," అన్నాడు జీవరాజ్, కుంచె తుడుచుకుంటూ. "నిజం లెక్క ఉండాలెనని."

పెట్టె అక్కడే వదిలి వచ్చాడు. ఇచ్చిన వస్తువు తిరిగి అడగకూడదు కదా. నోయల్ ఆ పూటే పట్టాలు పీకించి, వాటి చోట అట్టముక్కతో ఫ్లైఓవర్ పెట్టించాడని పీరప్ప చెప్పాడు. అది స్పంజి చెట్ల నుంచి బయలుదేరి ఈతకొలనులో దిగుతుందట. దాన్ని నమ్మి కూడా కొందరు రాసుకున్నారు. ఒక్క మరకతో లోకమంతా బాగుపడుతుందని జీవరాజ్ ఎప్పుడూ అనుకోలేదు.

చొక్కా ఉతకబోయి హేబ్సిబా జేబులో పాలక్యాన్లు చూసింది. తిట్టింది. తిట్టి, సాసర్‌లో పెట్టింది.

కందికాయ కాలానికి అంబమ్మ మళ్ళీ వచ్చింది, బావి దగ్గరి చెలకలోవి ఉడికించి కొంగున కట్టుకుని. జీవరాజ్ ముందర కూర్చుని, ఎట్లా నములుతున్నానో చూడమని ఒక్కొక్క కాయే ఒలుచుకుని తింది. ఆయన చేతులు కట్టుకుని ఆమె దవడనే చూశాడు. పెదవి పక్కకు జరిగింది.

"ఎడమ పక్క నమలకవ్వా," అన్నాడు. "ఇంకా కూసోలే. ఎవడో పనికిమాలినోడు చేసినట్టున్నడు."

నోటి నుంచి సెట్టు తీయించుకుని, ఆకురాయి అందుకున్నాడు. హేబ్సిబా పొయ్యి మీద నీళ్ళు పెట్టింది, గోరువెచ్చగా.