ఆక్సిజన్ ఉన్న ఇంట్లో దీపం

మా గైడు సార్ పోయిన మంగళవారం ఉదయం కన్నుమూశారు. కొండాపూర్‌లో ఆఫీసు బస్సు దిగుతుంటే సార్ భార్య, మా మేడం, ఫోన్ చేసి, "మీ సార్ ఇగ లేరమ్మా" అన్నారు. ఎప్పుడు మాట్లాడినా వెనక వినిపించే ఆక్సిజన్ మిషన్ చప్పుడు ఆ రోజు లేదు. అప్పుడు నమ్మాను.

ఆయన దగ్గర నేను పరిశోధన చేసింది అమ్మోనియం పెర్క్లోరేట్ మీద. చూడ్డానికి వంటింటి ఉప్పులాగే ఉంటుంది. గాలి లేని చోట కూడా రాకెట్ ఇంధనం మండుతుందంటే ఈ ఉప్పు ఇచ్చే ఆక్సిజన్ పుణ్యమే. కానీ మెల్లగా వేడి చేస్తే మూడో వంతు విచ్ఛిన్నమై, వేడి తగ్గకపోయినా అక్కడే ఆగిపోతుంది. మిగిలింది అదే ఉప్పు, కాకపోతే లోపలంతా చిల్లులు. సార్ జీవితమంతా ఆ ఆగిపోవడం మీదే పనిచేశారు. "దాంట్లకెల్లి వచ్చిన అమ్మోనియానే దాని మీద కూసుంటది. బయటోడు ఎవ్వడు కట్టేయలే దాన్ని" అనేవారు.

నేను తొందరపడే మనిషిని. ఫర్నేసు వేడి గబగబా పెంచబోతే చెయ్యి పట్టుకుని ఆపేవారు. "ఉప్పుకేం ఫికర్ లేదమ్మా, పొయ్యేది నీ వేళ్లు." నా పుట్టినరోజున పట్టుచీర కట్టుకెళితే, పట్టు రాపిడికి నిప్పురవ్వ పుడుతుందని, నూలు బట్టలు తప్ప వేరేవి పనికిరావని గుమ్మంలోంచే ఇంటికి పంపించారు. ఏడుపొచ్చింది. ఆయన చలవ వల్లే నా పది వేళ్లూ ఇవాళ కీబోర్డు మీద ఉన్నాయి.

రిటైరయ్యాక ఊపిరితిత్తులు చెడిపోయాయి. నల్లగండ్లలో తొమ్మిదో అంతస్తు ఫ్లాట్, గదిలో మిషన్, ముక్కుకు ట్యూబు. ఆ ట్యూబు వంటింటి గుమ్మం దాకా వచ్చేది, బాల్కనీ దాకా వచ్చేది కాదు. నేను వెళ్లిన ప్రతి శనివారం దాని చివరన నిలబడి ఎదురు టవర్ గోడ చూస్తుండేవారు. "ఎక్స్‌రే చూసినవా? నేను గూడ మూడో వంతు అయ్యి ఆగిన. లోపల జల్లెడ" అని నవ్వేవారు. నాకు నవ్వొచ్చేది కాదు.

ఆ ఇంట్లో ఆయనొక్కరే బందీ కాదు. మిషన్ వచ్చిన రోజు నుంచి మేడం దేవుడి దగ్గర దీపం పెట్టలేదు. అగరుబత్తి లేదు, గ్యాసు పొయ్యి పోయి కరెంటు పొయ్యి వచ్చింది. దీపం పెట్టనిదే ముద్ద ముట్టని మనిషి ఆమె. "నా ఇంట్ల నాకు దీపం లేకపాయె" అంటే, "ఆక్సిజన్ తోటి పరాచకాలొద్దు. నాకంటె నీకెక్కువ ఎరుకనా?" అని సార్ కసిరేవారు. నేను బ్యాటరీ దీపం తెచ్చిస్తే మేడం దాన్ని టీవీ పక్కన పెట్టారు.

మొన్న దీపావళికి సారే దిగివచ్చారు. మిషన్ ఆపించి, ట్యూబు తీసేసి, కిటికీలన్నీ తెరిపించారు. "ఆగు. బట్టలల్ల, దుప్పట్లల్ల ఆక్సిజన్ పట్టుకోని ఉంటది. జర సేపు పోనీ" అన్నారు. ఆగాం. మేడం వత్తి వెలిగించి, దండం పెట్టుకుని తిరిగి చూసేసరికి ఆయన పెదవులు నీలంగా ఉన్నాయి. "ఉండనీ, ఉండనీ" అని చెయ్యి ఊపుతున్నారు. ఆమె పువ్వుతో దీపం కొండెక్కించి, మిషన్ స్విచ్ వేశారు. ఆ తర్వాత దీపం మాట మళ్లీ ఎత్తలేదు. నాకు అదే ఎక్కువ బాధగా ఉండేది.

మంగళవారం నేను వెళ్లేసరికి సార్‌ను హాల్లో పడుకోబెట్టారు. తల దగ్గర దీపం పెట్టాలి. ప్రమిదలో నూనె పోసి ఉంది. మేడం అగ్గిపెట్టె పట్టుకుని లేచి, మిషన్ ప్లగ్గు పీకి ఉందో లేదో చూసొచ్చారు. నాతో కిటికీలన్నీ తెరిపించారు.

"ఇంకేంది వదినా, కానియ్" అంది వాళ్ల ఆడబిడ్డ.

"ఆగుండ్రి. బట్టలల్ల ఉంటది" అన్నారు మేడం. అని, అగ్గిపెట్టె పక్కన పెట్టి, ఆయన మీద కప్పిన దుప్పటి అంచు పట్టుకుని గాలి తగిలేలా మెల్లగా విదిలిస్తూ కూర్చున్నారు.