తమ్మిలేటి రేవులో మా గాడిద

మా మనవరాలు తాడేపల్లిగూడెంలో కాలేజీకి వెళ్తూ, ఖాళీ దొరికినప్పుడల్లా ఫోనులో స్పానిష్ నేర్చుకుంటోంది. మొన్న నా పక్కన కూర్చుని జంతువుల పేర్లు పలుకుతుంటే, గాడిదను ఏమంటారని అడిగాను. "బుర్రో" అంది. చదువు రానివాళ్ళను తిట్టడానికి కూడా అదే మాటా అంటే, "అదే అమ్మమ్మా. ఎవర్ని తిట్టాలేంటి, తాతయ్యనా?" అని పకపకా నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

మా నాన్న ఏలూరులో తమ్మిలేటి రేవున బట్టలు ఉతికేవాడు. ఊళ్ళోవాళ్ళ మాసిన బట్టల మూటలన్నీ రేవుకు మోసేది మా ఆడగాడిదే కాబట్టి, దానికి తవుడు పెట్టకుండా నాన్న చద్దన్నం ముట్టేవాడు కాదు. ఇంట్లో ఎవరైనా ఒళ్ళు వంచి పనిచేస్తే, అచ్చం మా గాడిదే అని మెచ్చుకునేవాడు. ఆ మెప్పు కోసం నేను ఎత్తలేని మూటలు కూడా ఎత్తబోయేదాన్ని. ఆ మాట తిట్టు కూడా అవుతుందని నాకెలా తెలుస్తుంది?

నన్ను బడిలో వేసిన కొత్తలో, పలక మీద అక్షరం తిరగేసి రాశానని పంతులుగారు "గాడిదా" అన్నారు. పిల్లలంతా నవ్వారు. నేనూ సంబరంగా నవ్వి, బడి వదలగానే రేవుకు పరుగెత్తి ఆ సంగతి నాన్నకు చెప్పాను. బండకేసి కొట్టబోయిన బట్టను అలాగే పట్టుకుని, "పిల్లలు నవ్వారామ్మా?" అన్నాడు. నవ్వారన్నాను.

మర్నాటి నుంచి నన్ను బడికి పంపలేదు. "ఆయన అందరు పిల్లల్నీ అంటారంటయ్యా, ఇది ఏడుస్తోంది, పంపు" అని అమ్మ ఎంత బతిమాలినా, "మనకి అన్నం పెట్టేదాన్ని వాళ్ళు తిట్టు చేసుకున్నారే. నా కూతుర్ని అక్కడ నవ్వులపాలు చెయ్యను" అన్నాడు. నా పలక మంచినీళ్ళ కుండ మీద మూతయింది. నీళ్ళు ముంచుకున్నప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది. నన్ను కాపాడుకున్నాననే అనుకుంటూ నాన్న కన్నుమూశాడు. యాభై దాటాక మా అమ్మాయి పక్కన కూర్చోబెట్టుకుని దిద్దించబట్టి, ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను.

ఇప్పుడు ఇంటింటికీ వాషింగ్ మెషీన్లు వచ్చాయి. రేవులో బండలు కూడా కనబడవు. మా మనవరాలు గాడిదను ఒక్కసారైనా కళ్ళతో చూడలేదు, తిట్టు మాత్రం ఆ పిల్లకి రెండు భాషల్లో వచ్చు. రేవు వైపు వెళ్ళినప్పుడల్లా నాన్నతో ఒక్క మాట చెప్పాలనిపిస్తుంది. ఆ నవ్వులు నేను ఓర్చుకునేదాన్ని నాన్నా, నువ్వే ఓర్చుకోలేకపోయావు.