పసుపు బొట్టు మీదికి నెట్టిన తప్పు

ఆరేళ్ళుగా నా తప్పును ఒక ఆడమనిషి తనదనుకుని మోస్తోంది. అది నాదని ఆమెకు తెలియదు. నాకు తెలుసు. ఇంట్లో చెప్పలేదు, దోస్తులకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పాలంటే చెప్పాక వాళ్ళ మొహం చూడాలి కదా, ఆ ధైర్యం ఇంకా రాలేదు.

నేను హాలియాలో కంప్యూటర్లు బాగుచేస్తాను. మా వీధిలోనే శ్రీశైలం ఫొటో స్టూడియో. పెళ్ళిళ్ళకు ఫొటోలు తీస్తాడు. అతని భార్య భాగ్య. మొదట్లో ఆమె పని స్టూడియో ఊడ్చడం, గిరాకీ వస్తే భర్తకు ఫోన్ చేయడం, అంతే. ఖాళీగా కూర్చోలేక మెల్లగా ఆల్బం పేజీలు చేయడం పట్టుకుంది. ఒకటి రెండు కిటుకులు నేనే చూపించాను. తర్వాత నేను చూపించాల్సిన అవసరం లేకుండా పోయింది. శ్రీశైలం పేజీ నిండా గులాబీలు, హంసలు కుమ్మరించేవాడు. భాగ్య వాటిని ఏరి పారేసేది. మూలన నిలబడి కళ్ళు తుడుచుకుంటున్న పెళ్ళికూతురి తల్లికి పేజీ మొత్తం ఇచ్చేది. గిరాకీలు "ఆల్బం అక్కనే చెయ్యాలె" అని అడగడం మొదలుపెట్టారు. ఆమె నడకలో కూడా ఏదో మార్పు వచ్చింది. నేను చూశాను. చూడలేదని అబద్ధం చెప్పలేను.

ఆరేళ్ళ కింద కొత్త కంప్యూటర్ కావాలన్నాడు శ్రీశైలం. చూసేవాళ్ళు నోరు తెరవాలన్నాడు. పక్కంతా అద్దం, లోపల మూడు ఫ్యాన్లు, ఒక్కో ఫ్యాను ఏడు రంగుల్లో వెలిగే డబ్బా ఒకటి తెచ్చిచ్చాను. బతుకమ్మకు కరెంటు స్తంభాలకు కట్టే సీరియల్ లైట్లు ఇంట్లోకి వచ్చినట్టుంది. శ్రీశైలం మురిసిపోయాడు. భాగ్యకు ప్రాణం మీదికి వచ్చింది. ఒకసారి ఎరుపు, ఒకసారి ఆకుపచ్చ స్క్రీన్ మీద పడుతుంటే పెళ్ళికూతురి మొహం అసలు రంగేదో ఆమెకు తెలిసేది కాదు. విసుగొచ్చి డబ్బా మీద తువ్వాల కప్పింది. ఆ తువ్వాల తీయించింది నేనే. మిషన్‌కు గాలి ఆడాలని పెద్ద పంతులులాగా పాఠం కూడా చెప్పాను.

అప్పుడు ఆ లైట్లు బంద్ చేసి పొమ్మని అడిగింది. దానికి స్విచ్ లేదు. పైన ఉన్న బటన్ నొక్కితే రంగు మారుతుంది తప్ప ఆరదు. అద్దం విప్పి, తీగల గుత్తిలో లైట్లదనుకున్న తీగ ఒకటి పీకేశాను. చీకటైంది. భాగ్య నవ్వింది, చాయ్ తెప్పించింది. మిషన్ ఇప్పుడు ఎంత సప్పుడు లేకుండా నడుస్తుందో చూడమని గొప్పగా చెప్పి మరీ వచ్చాను. సప్పుడు ఎందుకు లేదని ఒక్క క్షణం ఆగి ఉంటే చాలు. ఆ రకం చవక ఫ్యాన్లలో వెలుగూ గాలీ ఒకే తీగ మీద నడుస్తాయి. నేను లైట్లతో పాటు ఫ్యాన్లను కూడా ఆపేశాను. నల్గొండలో ఆరు నెలలు నేర్చుకున్న విద్య ఇది. అవతల నా దుకాణంలో ఎవరో ఎదురుచూస్తున్నారని పరుగెత్తాను.

రేకుల కప్పు గది. అద్దంతో మూసిన డబ్బా. అందులో మూడు వారాలు ఆ మిషన్ ఉడికింది. దసరా వెళ్ళిన నాలుగో రోజు పూర్తిగా ఆగిపోయింది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ మోసుకుని నా దగ్గరికి తెచ్చారు.

బల్ల మీద పెట్టి విప్పాను. బోర్డు మాడింది. ఫొటోలు దాచే డిస్క్ తిరగడం లేదు. నేను పీకిన తీగ అలాగే వేలాడుతోంది. దాన్ని పట్టుకుని చూస్తూ పోతే ఫ్యాన్లకు కూడా పోయేది అదొక్కటే. నాకు అర్థమైపోయింది. వాళ్ళు బల్లకు అవతల కూర్చున్నారు, డబ్బా లోపలి భాగం నావైపు ఉంది. తీగను మళ్ళీ దాని చోట గుచ్చేశాను. ఆలోచించి చేశానా? చెయ్యి దానంతటదే చేసిందని చాలా ఏళ్ళు సర్దిచెప్పుకున్నాను. కానీ ఆ తర్వాత మాట్లాడింది నోరు. డబ్బా పైన గాలి పోయే జాలీ మీద పసుపు బొట్టు కనబడింది.

"దస్రాకు మిషన్‌కు పూజ చేసిన్రా?" అన్నాను.

"చేసిన అన్నా. పసుపు కుంకుమ పెట్టిన," అంది భాగ్య.

"పసుపు తడిగ ఉండెనా?"

ఆమె జాలీ వైపు చూసింది. నిజం చెప్పాలని గుర్తు తెచ్చుకుంటోంది, పాపం. "జర తడిగనే ఉండె. ఆకుతోని నీళ్ళు గూడ సల్లిన. గంత లోపలికి పోతయా అన్నా?"

"పోతయి చెల్లె."

"ఇంకోసారి మిషన్ ముట్టినవంటే సూడు!" అని శ్రీశైలం నా ముందే ఆమె మీదికి లేచాడు. నేను అడ్డం పడలేదు.

ఆ డిస్క్‌లో ఒక పెళ్ళి ఫొటోలన్నీ పోయాయి. ఆ పెళ్ళివాళ్ళు స్టూడియో ముందుకొచ్చి గొడవ చేస్తే, మా ఆడామె నీళ్ళు పోసిందని శ్రీశైలం వీధంతా చెప్పుకున్నాడు. భాగ్య కూడా అదే చెప్పింది, నా చేతులతోనే ఖరాబు చేసినా అని. నా మాట నమ్మి చెప్పింది. మళ్ళీ ఆల్బం చేసే కుర్చీలో కూర్చోలేదు. ఇప్పుడు బట్టల దుకాణంలో, గిరాకీలు విప్పి వదిలేసిన చీరలు మడతపెడుతుంది.

ఎందుకు అబద్ధమాడాను? అప్పుడు దుకాణం కొత్తది, పేరు పోతుందని భయం. లైట్ల తీగేదో ఫ్యాను తీగేదో తెలియనివాడంటారని సిగ్గు. ఆలుమగల మధ్య ఒక పూట తగాదా అవుతుంది, మర్నాటికి సర్దుకుంటుంది అనుకున్నానేమో. కాదు, అదీ అబద్ధమే. ఆమె పోగొట్టుకునేది ఏమిటో మా ఊళ్ళో అందరికంటే నాకే బాగా తెలుసు. ఆమె చేసిన పేజీలు చూసి శెభాష్ అన్నది నేను. ఆమెకు పని వచ్చని నాకంత తెలిసీ, నా పరువు ఆమె పనికంటే బరువుగా తోచింది. తర్వాతైనా చెప్పొచ్చు కదా? మరుసటి దసరాకు శ్రీశైలం జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ అని కౌగిలించుకుంటే, నేనూ కౌగిలించుకుని వచ్చేశాను. ఆ తర్వాత ఆలస్యమే ఒక సాకైంది. ఇన్నేళ్ళకు చెబితే ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదంటారని.

మొన్న వాళ్ళ బిడ్డ కాలేజీ చదువుకు కంప్యూటర్ కావాలని తల్లిని వెంటబెట్టుకొచ్చింది. పిల్ల లోపలికొచ్చి అన్నీ నొక్కి చూస్తోంది. భాగ్య గడప బయటే ఆగిపోయింది. లోపలికి రా చెల్లె, నువ్వూ చూడమన్నాను.

"వద్దన్నా. నా చెయ్యి మిషన్లకు అచ్చిరాదు. బిడ్డ దానికి గూడ ఏమన్నయితే?" అని రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది.

అప్పుడు చెప్పాల్సింది. ఒక్క మాట చాలు. నేను పిల్లకు గ్యారంటీ కాగితం గురించి వివరిస్తూ ఉండిపోయాను.

ఇంటికొచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను. తీగ పీకింది నేను. మళ్ళీ గుచ్చి దాచింది నేను. భాగ్య చేతిలో ఏ దోషమూ లేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది ఇవ్వాల్సింది మీరు కాదు. ఆమెకు చెబుతానని మాట కూడా ఇవ్వను, నా మాటెంతటిదో ఇప్పటికి మీకు తెలిసింది. ఉన్నదున్నట్టు రాసేసరికి గుండె తేలికపడింది. ఆ తేలిక కూడా ఆమెకంటే ముందు నాకే దక్కినందుకు సిగ్గుగా ఉంది.